ఇరుకుదారిలో అత్తగారి పైపళ్ళు

ఆదివారం పొద్దున తొమ్మిదీ నలభై నిమిషాల మహాముహూర్తాన, భూమండలానికి సరిగ్గా నట్టనడుమ, ఎడమన ముళ్ళకంచె, కుడిన మురుగుకాలువ కావలికాస్తుండగా, మూడు మూరల వెడల్పైన కాలిబాట మీద ముల్లోకాలు అదిరిన సమరమొకటి జరిగింది. తీగ మీది కాకి అరుపు మానేసి మరీ చూసింది. నమ్మకపోతే కాకినే అడగండి.

ఆ బాట మొదట్లో ఒక బోర్డు. పైన సైకిలు బొమ్మ, కింద మనిషి బొమ్మ. ఇద్దరూ పోవచ్చని అర్థం. ఎలా పోవాలో బోర్డు చెప్పలేదు. నడుమ గీసిన తెల్లగీత ఎండకీ వానకీ ఎప్పుడో చెరిగిపోయింది.

ఆ దారిన వచ్చాడు కట్టుడుపళ్ళ మేస్త్రి. దంతనిర్మాణధురంధరుడు, ద్విచక్రరథారూఢుడు, స్వేదబిందుశోభితలలాటుడు. ఆయన రథానికి బ్రేకులు ఒకటిన్నర. గంట టోపీ పోయిన వారమే ఊడిపోయింది. వెనక క్యారియరు మీద రబ్బరుతాడు కింద రేకుడబ్బా, డబ్బాలో అత్తగారి పైపళ్ళ సెట్టు. అది విరిగినప్పటినుంచీ, నెల్లాళ్ళుగా, ఆవిడ నవ్వలేదు. ఇప్పుడు స్టూడియోలో కొడుకులూ కోడళ్ళూ మనవలూ పద్దెనిమిది మంది మూడు వరసల్లో నుంచుని ఉండగా, నడుమ కుర్చీలో మూతి బిగించుకుని కూర్చుంది. పది కొట్టగానే ఫోటోగ్రాఫరు వేరే పని మీద పోతాడు. మేస్త్రి భార్య ఫోన్లో ఒక్కటే చెప్పింది.

"అమ్మకి పళ్ళు లేకుండా ఫోటో పడిందంటే, దాన్ని గోడకి తగిలించి, రోజూ దానికిందే మీకు అన్నం పెడతాను."

అందుకే రథం గాలితో పందెం వేస్తోంది. అంతలో ఆయన ముందు, వీపు చూపిస్తూ, బాట నడిమధ్యన ఒక మహాసేనాని. ధవళపాదరక్షాలంకృత, ఈలకంఠాభరణ, ముప్పైమూడేళ్ళు పిల్లల సైన్యాలను మండుటెండలో నడిపించి రిటైరైన డ్రిల్లు టీచరమ్మ. చంకలో గొడుగు, కొన ముందుకి. డాక్టరు నాలుగు రౌండ్లు నడవమంటే ఆయన మీద పంతానికి ఎనిమిది నడుస్తుంది.

గంటలేని వీరుడు గళాన్నే గంటగా మార్చి, దిక్కులు పిక్కటిల్లేలా గర్జించాడు.

"ఎడమ!"

ఎడమ పక్కనుంచి వస్తున్నాను, కాస్త జరగండని ఆయన భావం. కానీ ఆ మాట ఏ చెవిలో పడింది? బుర్రకి కబురందేలోపే మడమ తిరిగింది. టీచరమ్మ టకీమని ఎడమకు తిరిగి నిటారుగా నిలబడింది. చంకలో గొడుగూ తిరిగి, రైలుగేటు పడినట్టు దారికి అడ్డం పడింది.

"కుడి అమ్మా."

టకీమని కుడికి తిరిగింది. మళ్ళీ నడిమధ్యన వీపు.

ఒకటిన్నర బ్రేకులూ కీచుమన్నాయి. రథం ఆవిడ మడమకి జానెడు దూరంలో ఆగింది. డబ్బా ఆగలేదు. రబ్బరుతాడు తెంచుకుని, మూత విడిచి, పళ్ళను ఆకాశానికి ఎగరేసింది. ఆ పళ్ళు మూడు పల్టీలు కొట్టి, దారిలో ఒక చిన్న మబ్బు కొరికి, తిన్నగా వచ్చి టీచరమ్మ బూటు లేసును పట్టుకున్నాయి.

"ఏదో నన్ను కరిచింది," అంది టీచరమ్మ, కదలకుండా.

"మా అత్తగారండి," అన్నాడు మేస్త్రి రొప్పుతూ.

ఆవిడ వంగి చూసింది. "ఇంతేనా ఆవిడ?"

"మిగతా ఆవిడ స్టూడియోలో ఉన్నారండి. పదింటికి ఫోటో."

"ఎడమన్నావు, తిరిగాను. కుడన్నావు, తిరిగాను. ఇప్పుడు నేనెక్కడున్నాను నాయనా?"

"ఇందాక ఉన్నచోటేనండి."

"మరి తప్పెవరిది?"

"నా నోటిదేనండి. దారి నడుమ నడుస్తున్నది మాత్రం మీరు."

టీచరమ్మ ఆలోచించింది. "అదీ నిజమే. సైన్యం లేకపోయినా నడుమ నడవడం పోలేదు నాకు." లేసు విప్పి, పళ్ళలో చిక్కిన కొస తెంపి, తన సీసాలో నీళ్ళతో పళ్ళు శుభ్రంగా కడిగి, గొడుగెత్తి పలికింది. "విను, దంతవీరా. వెనకనుంచి వచ్చేవాడికి కళ్ళున్నాయి, ముందు నడిచేవాడికి వీపే ఉంది. కళ్ళున్నవాడే ముందు తగ్గాలి. దూరాన్నుంచే చెప్పాలి, ఎవరి ఎడమో పూర్తి వాక్యంలో చెప్పాలి. దారి ఇరుకైతే దిగాలి. ఊఁ, ఇప్పుడు ఇవ్వు ఆర్డరు."

మేస్త్రి దిగి, గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, మీరు మీ ఎడమచేతి వైపు కంచె పక్కకి జరిగి నుంచోండి. నేను మీ కుడిచేతి పక్కనుంచి సైకిలు నడిపించుకుంటూ పోతాను."

"ఇదీ ఆర్డరంటే."

అప్పుడు చూడాలి ఆ ఘట్టం. టీచరమ్మ గొడుగు నిలువుగా పట్టి, ఊపిరి బిగబట్టి కంచెకి ఆనుకుంది. మేస్త్రి కాలువ అంచున కాలివేళ్ళ మీద నడిచాడు. హ్యాండిలుకీ ఆవిడ మోచేతికీ మధ్య పంటిసందు అంత జాగా. దాటాడు. వెనక ఈల మోగింది. కాకి ఎగిరిపోయింది.

తొమ్మిదీ యాభై ఎనిమిదికి పళ్ళు వాటి సింహాసనమెక్కాయి. అత్తగారి మూతి మాత్రం అలవాటుకొద్దీ బిగుసుకునే ఉంది. ఫోటోగ్రాఫరు కెమెరా వెనకనుంచి చెయ్యి ఊపాడు.

"అల్లుడుగారూ, కొంచెం ఎడమకి."

మేస్త్రి కొయ్యబారిపోయాడు. "ఎవరి ఎడమండీ? పూర్తి వాక్యంలో చెప్పండి."

ఫోటోగ్రాఫరు తన రెండు చేతులూ చూసుకున్నాడు. వాళ్ళ చేతులు చూశాడు. అనుమానం తీరక వాళ్ళకి వీపు పెట్టి నుంచుని మరీ లెక్కేశాడు. అది చూసి అత్తగారు ఫక్కుమంది. పళ్ళు సరిగ్గా కనిపిస్తున్నాయో లేదో చూడ్డానికి కెమెరా దగ్గరికొచ్చిన మేస్త్రి భార్య మీట నొక్కేసింది.

ఫోటోలో పద్నాలుగు పైపళ్ళూ పడ్డాయి. మేస్త్రి ఇప్పటికీ ఆ ఫోటో కిందే అన్నం తింటాడు, మారు వడ్డించుకుని.

కాబట్టి దిక్కులారా, వినండి. మూడు మూరల బాటలో ఒక సైకిలూ ఒక మనిషీ ఒకరికొకరు తగలకుండా దాటారు. మోకాలు గీసుకోలేదు, కొంగు చిరగలేదు. ఇరుపక్షాలకూ కలిపి నష్టం ఒక్క బూటు లేసు, అదీ కొస మాత్రమే.