బ్యాడ్జరును నమ్ముకుని ఆపిన పెళ్లి

పెళ్లి ప్రయత్నాలు మొదలుపెట్టిన నాటికి నా దగ్గర కడియంలో మూడెకరాల నర్సరీ, ఒక లారీ, తల నిండా జుట్టు ఉన్నాయి. వయసు ఇరవై తొమ్మిది. ఇప్పుడు నలభై. నర్సరీ ఆరెకరాలైంది, లారీలు రెండయ్యాయి. జుట్టు సంగతి తర్వాత చెబుతాను.

అందరూ నన్ను చూసి జాలిపడుతున్నారు. ఎందుకండీ? పెళ్లి ఆలస్యం కావడం ఒక వరం! నేను కాదు, సైన్సే చెబుతోంది.

ఇంగ్లండులో బ్యాడ్జరని ఒక జంతువుంది. మొహం మీద నల్లచారలు, కాపురం బొరియలో. మూడేళ్ల కిందట లారీ లోడవుతుండగా ఫోన్‌లో దాని వీడియో చూశాను. అది వసంతంలో జతకడుతుంది. కానీ పిండం వెంటనే పెరగదు! గర్భసంచికి అంటుకోకుండా నెలల తరబడి అలాగే ఆగుతుంది. డిసెంబరులో అంటుకుంటుంది, ఫిబ్రవరిలో పిల్లలు. అవి బొరియ దాటి బయటికొచ్చే వేళకు వానపాములు దండిగా ఉంటాయి. సరుకు ఆపి, అదను చూసి వదలడమంటే ఇదీ! ఏ వ్యాపారికి చేతనవుతుంది?

నాకు చేతనైంది. అప్పుడే రామచంద్రపురం ఆశాజ్యోతి గారి సంబంధం వచ్చింది. ఆవిడ నాకు నచ్చారు. ఆశ్చర్యం, నేనూ నచ్చాను!

"సీజనయ్యాక ముహూర్తం పెట్టుకుందామండి" అన్నాను.

"అలాగేనండి. ఏ నెల్లో అవుద్ది?"

వానలకు మామిడి అంట్లు, చలికి చామంతులు, ఎండలకు నీడ మొక్కలు. కడియంలో సీజను ఎప్పుడవుతుందండీ? "చెబుతాను" అన్నాను. రెండేళ్లలో ఆవిడ మూడుసార్లు అడిగారు. నేనూ మాట మార్చలేదు, మూడుసార్లూ చెబుతాననే అన్నాను.

మా అమ్మ మరిడమ్మకు బ్యాడ్జరు పద్ధతి వివరించాను. కుండీలో మట్టి నింపుతూ వింది.

"దానికి ఫిబ్రవరని తెలుసు కదరా. నీకేం తెలుసు?"

సైన్సు తెలియని మనిషి!

నిజానికి మొక్కను కవరులోనే రెండేళ్లుంచితే వేళ్లు లోపలే చుట్టలు చుట్టుకుంటాయి. కొనేవాళ్లు చూసి, నోరెత్తకుండా పక్క నర్సరీకి వెళ్లిపోతారు. ఇది నాకు తెలియనిది కాదు.

కిందటి ఆదివారం ఆశాజ్యోతి గారి పెళ్లయింది. వరుడు అశోక్. మా పక్క నర్సరీయే.

మండపం అలంకరణకు వాళ్ల మొక్కలు చాలక, మా దగ్గర అరవై కుండీలు అద్దెకు తీసుకున్నారు. వ్యాపారం వ్యాపారమే కదా! అక్షింతలు వేసి, "కుండీలు ఎప్పుడు పంపుతారండి?" అన్నాను.

అశోక్ నోరు తెరిచేలోపే పెళ్లికూతురు అన్నారు: "సోమవారం పొద్దున్న ఏడింటికండి."

ఏడింటికల్లా వచ్చేశాయి.

చివరి లెక్క ఇదీ: అరవై కుండీలు వెళ్లాయి, అరవై తిరిగొచ్చాయి. ఒక్క ఆకూ వాడలేదు. జుట్టు సంగతి చెబుతానన్నాను కదా?

సీజనయ్యాక చెబుతాను.