భట్టీకెక్కిన నాజిం సాబ్

1948 సెప్టెంబరు మొదటి వారంలో ఒక ఉదయం దేవకృప పెట్టుకున్న పని ఒక్కటే. కూతురు మేబెల్‌కు ఆ రోజుతో రెండేళ్ళు నిండుతాయి. రేషన్‌లో కూడబెట్టిన మైదా, చక్కెరతో పిండి కలిపి, పక్కనున్న కార్ఖానా బస్తీలో, ఖాజావలి రొట్టెల భట్టీలో బిస్కట్లు కాల్పించుకు రావాలి. సికింద్రాబాదు తిరుమలగిరిలో అందరిళ్ళ పద్ధతీ అదే. పిండి మనది, బిస్కట్ల మీద పువ్వులొత్తే అచ్చు చెక్క మనది, నిప్పు ఖాజావలిది. కూలి కింద ఆయన గుప్పెడు బిస్కట్లు ఉంచుకుంటాడు.

భర్త యేసురాజు మాత్రం గోడకు చేరగిలబడి దిగాలుగా కూర్చున్నాడు. బడిలో డ్రాయింగు మాస్టరు. ఎవరికీ తెలియకుండా ఒక వారపత్రికకు చెక్క మీద బొమ్మలు చెక్కి ఇస్తుంటాడు. మొన్ననే ఆ ప్రెస్సుకు నాజిం సాబ్ సీలు వేయించాడు. నిజాం సర్కారులో పత్రికల నోళ్ళు మూయించడమే ఆ పెద్దమనిషి కొలువు. సీలు పడకముందే యేసురాజు ఈసారి ఆయన్నే చెక్కి ఉంచాడు. ఉడుకుతున్న గుండిగ మూత ఎగిరిపోకుండా దాని మీద బాసింపట్టు వేసుకున్న బొజ్జ మనిషి, ఆవిరికి నెత్తి మీంచి లేచిపోతున్న టోపీ. వారం రోజుల పని. దానికింకా చుక్క సిరా తగల్లేదు.

"చూసేవాడు లేని బొమ్మ ఎందుకు కృపా? పొయ్యిలో పెట్టెయ్."

"పెట్టెయ్యాల్సిందే! మిమ్మల్ని జైల్లో పెడితే నేనూ పిల్లా ఎవర్ని చూసుకుని బతకాలి?"

అన్నదే గాని ఆమెకు చెయ్యి రాలేదు. ఆరో తరగతితో చదువు ఆగిపోయిన మనిషి. పత్రికలో పెద్ద పెద్ద మాటలు ఆమెకు కొరుకుడు పడేవి కావు. ఈ బొమ్మ చూసి మాత్రం నిన్న రాత్రి పిల్ల లేచేంత గట్టిగా నవ్వింది.

అంతలో పక్కింటి అనసూయమ్మ తడక మీంచి తల పెట్టింది. "ఓ కృపమ్మా! పోలీసోళ్ళు ఇల్లిల్లు సోదా చేస్తున్రు. మూలింటి దాంక వచ్చిన్రు!"

దేవకృప కంగారులో పువ్వుల అచ్చు సంగతే మరిచిపోయింది. బొమ్మ చెక్కను పిండి బేసినులోకి కుక్కి, పైన తడిగుడ్డ కప్పి, పిల్లను చంకనేసుకుని గుమ్మం దాటింది. దారిలో ఎక్కడన్నా దాచేద్దామని ఆలోచన. నాలుగడుగులు వేసిందో లేదో, ఎదురుగా పోలీసు జవాను.

"ఏందమ్మా, చంకల పిల్ల, నెత్తిన బేసిను! ఇటియ్యి, నేను తెస్తా."

"వద్దు బాబూ, బరువు."

"బరువుంటెనే గదా అడుగుతున్న. జెర ఇయ్యమ్మా, పరేషాన్ గాకు."

అలా నాజిం సాబ్ బొమ్మను ఆయన పోలీసే భుజాన మోసుకెళ్ళి ఖాజావలికి అప్పగించాడు. అప్పగించి ఊరుకోక, చాయ్ తాగుతూ అక్కడే కూలబడ్డాడు. దేవకృప ఖాజావలికి కళ్ళతో సైగ చేసింది. ఆయన మర్యాదస్థుడు, పరాయి ఆడమనిషి ముఖంలోకి చూడడు. తల దించుకుని బేసిను లోపలికి పట్టుకుపోయాడు.

ఇంట్లో సోదా ముగిశాక, మధ్యాహ్నం భార్యాభర్తలిద్దరూ భట్టీకి పరుగున వచ్చారు. ఖాజావలి ఎదురొచ్చాడు.

"జబర్దస్త్ అచ్చు పంపినవ్ బిడ్డా! పిండిలనే పెట్టి పంపినవ్, ఇదేం కొత్త తరీఖానో అనుకున్న."

తట్టలో బిస్కట్లున్నాయి. ప్రతిదాని మీదా నాజిం సాబ్. చెక్కలో బొజ్జ ఉన్నచోట లోతుగా తవ్వడం వల్ల, భట్టీ వేడికి అక్కడ పిండి పొంగి, బొజ్జ రెండింతలైంది.

"నా గుప్పెడు చాయ్ తాగేటోళ్ళ ముంగట పెట్టిన. చూసుడు, నవ్వుడు షురూ! ఇగ నా పిండి సుత కలిపి ఆరు తట్టలు కాల్చిన. నేరేడ్‌మెట్ దాంక పోయినయ్. ఠాణాల చాయ్‌ల ముంచుకుని తిన్నరు!"

దేవకృప తట్ట మీద కొంగు కప్పేసింది. యేసురాజు ఆత్రంగా అడిగాడు. "నవ్వారా?"

"పొట్టలు పట్టుకున్రు సాబ్."

"చదువు రానివాళ్ళు కూడా?"

"నాకేం చదువొచ్చు? నేను నవ్వలే?"

యేసురాజు ముఖం వెలిగిపోయింది. "దేన్ని చూసి నవ్వారు, టోపీనా, బొజ్జనా?"

"ముందు ఇంటికి నడవండి!" అని దేవకృప అతని చొక్కా పట్టి లాగింది.

మర్నాడు పొద్దున్నే ఠాణాకు పెద్దయిన అమీన్ స్వయంగా వచ్చాడు. వెంట నిన్నటి జవాను. రుమాలు విప్పి ఒక బిస్కట్టును స్టూలు మీద పెట్టి, పంచనామా కాగితం తీశాడు.

"అచ్చు మీదేనట?"

యేసురాజు నోరు తెరిచేలోగా దేవకృప ముందుకొచ్చింది. "మాదేనండీ."

"ఇందుల ఉన్నదెవరు?"

దేవకృపకు జైలు కళ్ళముందు కనబడింది. అయినా నిన్నంతా ఊరు నవ్విన నవ్వు ఆమెకెక్కడో ధైర్యంగా మిగిలి ఉంది.

"గుండిగ మీద కూచున్న బొజ్జాయనండీ."

"పేరు చెప్పాలె. కాగితం నాజిం సాబ్‌కు పోతది."

"మేం చిన్నవాళ్ళం, మాకేం తెలుస్తుందండీ? తమరు చూసి ఎవర్ని పోల్చుకున్నారో ఆ పేరే రాసుకోండి."

అమీన్ కలం ఆనించి, "నా" అని రాసి ఆగాడు. ఈ బొజ్జ తమదేనని నాజిం సాబ్‌కు విన్నవించుకుంటూ కింద తన సంతకం! జవాను వైపు చూశాడు. జవాను దూలం వైపు చూస్తున్నాడు. ఈలోగా మేబెల్ స్టూలు దగ్గరికొచ్చి, ముందు టోపీ, తర్వాత తల, ఆఖరున బొజ్జ, అన్నీ వరసగా తినేసింది. ఎవరూ అడ్డుపడలేదు.

అమీన్ రుమాలు దులుపుకుని లేచాడు. గుమ్మం దగ్గర గొంతు తగ్గించి, "ఇంకేమన్న ఉన్నయా? మా ఇంట్ల పిల్లలు అడుగుతున్రు," అన్నాడు. దేవకృప పొట్లం కట్టిచ్చింది.

పక్షం తిరక్కుండానే భారత సైన్యం సికింద్రాబాదులోకి వచ్చింది. నాజిం సాబ్ కుర్చీ దిగాడు, ప్రెస్సు సీలు ఊడింది. బొమ్మ మొదటి పేజీలో, కింద యేసురాజు అని పూర్తి పేరుతో పడింది. ఆ పేరును దేవకృప ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి, వీధిలో ఇంటింటికీ వెళ్ళి చదివి వినిపించింది.

కార్ఖానా జనం మాత్రం పత్రిక తిప్పి తిప్పి చూసి, మనిషి బాగా చిక్కిపోయాడన్నారు.