అన్నిటికీ ఒకే తాళం

ఆ రోజు అతని పథకం చాలా సులువైనది. పొద్దున్నే ఆఫీసుకు వెళ్ళి ఒక చిన్న పని ముగించడం, మధ్యాహ్నం బయటపడి కూతురి బడిలో నాటకం చూడడం. కిందటేడు కూడా ఇంతే సులువైన పథకం వేసుకుని, తెర దించాక చేరుకున్నాడు. అందుకే ఈసారి కూతురు అతన్ని గుమ్మంలోనే నిలదీసింది.

"ఆగు! ఎవరు నువ్వు? ఆనవాలు చూపించు!" అంది చీపురుకర్రను ఈటెలా పట్టుకుని. నాటకంలో ఆమెది కోట కాపలాదారు వేషం. ఉన్నది ఆ ఒక్క మాటే.

"మీ నాన్ననమ్మా. టైమైపోతోంది, తప్పుకో."

"నేనా మాట చెప్పేటప్పటికి నువ్వు అక్కడ లేకపోతే నీతో మాట్లాడను."

"నేనూ మాట్లాడను. ముందే చెప్తున్నా," అంది భార్య వంటింట్లోంచి.

ఆఫీసులో అతన్ని అందరూ తాళంచెవి అంటారు, వెనకాల. హాజరుకో పాస్‌వర్డు, సెలవులకో పాస్‌వర్డు, లిఫ్టుకో పాస్‌వర్డు పెట్టుకుని, అన్నీ చీటీల మీద రాసి కీబోర్డుల కింద దాచుకునే జనాన్ని ఉద్ధరించింది అతనే. అన్నిటినీ ఒక్క సెంట్రల్ లాగిన్‌కు కలిపేశాడు. ఒక్క పాస్‌వర్డు చెబితే గేటు నుంచి కాఫీ మిషన్ దాకా అన్నీ పలుకుతాయి.

అయితే ఒక చిక్కుంది. సెంట్రల్ లాగిన్‌తో మాట్లాడడానికి ఆ గేటుకూ, లిఫ్టుకూ, మిషన్‌కూ కూడా ఒక ఖాతా ఉండాలి. వాటికి విడిగా ఖాతాలు తెరవాలంటే పెద్దసారు అనుమతి కావాలి, పెద్దసారేమో ఏ కాగితం మీదా ఊరికే సంతకం పెట్టే మనిషి కాదు. అందుకని తాళంచెవి అన్నిటికీ తన సొంత ఖాతానే ఇచ్చేశాడు. తాత్కాలికంగానే లెండి. ఈ లోకంలో పదికాలాలు నిలిచేవి తాత్కాలిక ఏర్పాట్లే.

ఆ పొద్దున అతని చిన్న పని, పాస్‌వర్డు మార్చుకోవడం. నెలకోసారి అందరూ మార్చుకోవాలని నియమం పెట్టింది తనే కనక ముందు తనే మార్చుకున్నాడు. కొత్త పాస్‌వర్డును గేటుకు చెప్పాడు, లిఫ్టుకు చెప్పాడు, హాజరుకూ సెలవులకూ చెప్పాడు. కాఫీ మిషన్‌కు చెప్పడం మరిచాడు.

కాసేపటికి అకౌంట్స్ చూసే ఆవిడ వెళ్ళి కాఫీ మీట నొక్కింది. మిషన్ పాత పాస్‌వర్డుతో సెంట్రల్ లాగిన్ తలుపు తట్టింది. అది కాదంది. ఆవిడ మళ్ళీ నొక్కింది. మూడోసారి తప్పేసరికి, తాళంచెవి పేరుతో ఎవడో దొంగ వచ్చాడని సెంట్రల్ లాగిన్ నిర్ధారించుకుని అతని ఖాతాకు తాళం వేసింది. దానితోపాటే గేటు బిగుసుకుంది, లిఫ్టు నోరు తెరిచి ఆగిపోయింది, హాజరు, సెలవులు అన్నీ మూగబోయాయి. తాళాలు తియ్యగలిగిన ఖాతా ఆఫీసు మొత్తానికి ఒక్కటే ఉంది. అదీ ఇదే.

తాళంచెవి కంగారు పడలేదు. "మధ్యలో తప్పు పాస్‌వర్డు పడకుండా అరగంట ఆగితే దానంతటదే తెరుచుకుంటుంది. రూలు నేను పెట్టిందేగా."

"అరగంటసేపు మేమేం చెయ్యాలి?" అంది అకౌంట్స్ ఆవిడ.

"హాయిగా వెళ్ళి కాఫీ తాగండి."

అందరూ వెళ్ళారు. కాఫీ రాలేదు. రాకపోయేసరికి ఇంకాస్త గట్టిగా నొక్కారు. తాళం తెరుచుకోబోయినప్పుడల్లా ఎవరో ఒకరు నొక్కడం, అరగంట మళ్ళీ మొదలవడం. ఇక్కడ తాళంచెవి సెంట్రల్ లాగిన్ ముందు కూర్చుని గడియారం వంకా గేటు వంకా చూస్తున్నాడు.

పెద్దసారు వచ్చి వెనక నిలబడ్డారు. "లాగిన్ కావట్లేదని ఫిర్యాదులేమైనా వచ్చాయా?"

"ఫిర్యాదు పెట్టాలన్నా లాగిన్ అవ్వాలి సార్."

"అంటే ఒక్కటీ రాలేదన్నమాట. బాగుంది," అని ఆయన తృప్తిగా వెళ్ళిపోయారు.

భోజనాల వేళ దాటాక అకౌంట్స్ ఆవిడ కాఫీ మిషన్‌ను అరచేత్తో చరుస్తుంటే చూసి, తాళంచెవికి అప్పుడు వెలిగింది. ఒక్క ఉరుకున వెళ్ళి ప్లగ్గు పీకేశాడు. ఇంకో అరగంట ఓపిక పడితే చాలు. నాటకానికి ఇంకా వేళ ఉంది. అతని ప్రాణం లేచి వచ్చింది.

అరగంట కావస్తుండగా పెద్దసారు నవ్వుతూ వచ్చారు. "ఏమయ్యా, నీకు సాయం చేద్దామని నేనే నీ పేరుతో లాగిన్ అవ్వబోయాను. మొన్న అందరి ముందూ లాగిన్ చేసి చూపించినప్పుడు పాస్‌వర్డు చెప్పావుగా, గుర్తుపెట్టుకున్నా."

"అది పాతది సార్! ఎన్నిసార్లు కొట్టారు?"

"నేను అంత తేలిగ్గా వదిలే మనిషిని కాదని నీకు తెలుసుగా."

తాళంచెవికి ఏడుపొచ్చినంత పనైంది. ఆ భవనంలో సెంట్రల్ లాగిన్‌కు కలపనిది మరుగుదొడ్డి కిటికీ ఒక్కటే. దాన్నీ వచ్చే నెల కలుపుదామనుకున్నాడు. కలపనందుకు దేవుడికి దండం పెట్టుకుని, అందులోంచి దూకాడు.

చొక్కా చిరిగి, మోకాళ్ళకు దుమ్ముతో అతను బడి హాల్లోకి దూసుకొచ్చేసరికి, కోట ద్వారం ముందు మీసాల కాపలాదారు నోరు తెరవబోతున్నాడు. తెరిచిన నోరు ఇటు తిరిగింది.

"ఆగు! ఎవరు నువ్వు? ఆనవాలు చూపించు!"

హాలంతా వెనక్కి చూసింది. అతను మెడ తడుముకున్నాడు. గుర్తింపు కార్డు కిటికీ కొక్కేనికే ఉండిపోయింది.

"మీ నాన్ననమ్మా," అన్నాడు రొప్పుతూ.

కాపలాదారు ఈటె దించేసింది. "సరే, లోపలికి రా," అంది మీసం కిందనుంచి నవ్వుతూ. ఆ మాట నాటకంలో లేదు. తాళంచెవికి కళ్ళు చెమర్చాయి. పక్కన కూర్చోబోతే భార్య ఒకసారి చొక్కా వంక చూసి, కాస్త జరిగి చోటిచ్చింది.

అతను దూకిన అరగంటకు, మిషన్‌గానీ పెద్దసారుగానీ అడ్డుపడక, ఆఫీసులో అన్నీ వాటంతటవే తెరుచుకున్నాయి. మర్నాడు గేటు అతన్ని మాత్రం రానివ్వలేదు. నిన్న లోపలికి వెళ్ళిన మనిషి బయటికి రానేలేదని, కనక లోపలే ఉన్నాడని దాని లెక్క. దాన్ని దిద్దాలంటే ఎలా బయటపడ్డాడో పెద్దసారుకు చెప్పుకోవాలి. చెప్పుకోలేదు.

నెలాఖరున హాజరు అప్లికేషన్ తనంతట తానే ఉత్తమ ఉద్యోగిని ఎంచింది: రాత్రనక పగలనక ఆఫీసు వదలని తాళంచెవి. అభినందన సభకు పెద్దసారు దండ పట్టుకుని అందరికంటే ముందే వచ్చారు.

తాళంచెవి కిటికీలోంచి వచ్చాడు.