చాయ్ వద్దన్న దశరథం

కరోనా వచ్చిన ఏడు, దీపావళికి మగ్గాలు బందయ్యాయి. ఈ మూడు రోజులూ అన్నం, చాయ్ మానేసి, దేవుడి దగ్గర ఒక్కటంటే ఒక్క సాక్ష్యం సంపాదించాలని దశరథం ఆ పొద్దున మొహం కడుక్కుంటూ నిశ్చయించుకున్నాడు.

ఊరు విడిచి మగ్గాల పనికి వచ్చినవాళ్లు కట్టుకున్న లింబాయత్‌లోని తెలుగు ప్రార్థన మందిరానికి ఏటా ఈ సెలవుల్లోనే బైబిల్ క్యాంపు. డుమస్ సముద్రపొడ్డు దగ్గర ఒక హాలు కిరాయికి తీసుకుని, చాపలు పరిచి, మూడు రోజులపాటు పాటలు, వాక్యం, కన్నీళ్లు, ఖిచిడీ. మగ్గాల చప్పుడులో మాట వినపడక, ఏడాది పొడుగునా ఒకరి పెదాలు ఒకరు చూసి మాట్లాడుకునే మగవాళ్లకు తమ గొంతు తమకు వినిపించేది అక్కడే. తాగుడు మానినవాళ్లు అక్కడే మానారు. మళ్లీ మొదలుపెట్టినవాళ్లు మరుసటి ఏడు అక్కడికే వచ్చి మళ్లీ మానారు.

చివరి సాయంత్రం సాక్ష్యాలు, అంటే దేవుడు తమకు చేసిన మేలును అందరి ముందు చెప్పుకోవడం. ఒకరికి నడుము నొప్పి పోయి ఉంటుంది, ఇంకొకరికి కలలో వెలుగు కనిపించి ఉంటుంది. దశరథం భార్య ఐలమ్మ ఎనిమిదేళ్లలో పదకొండు సాక్ష్యాలు చెప్పింది. దశరథం ఒక్కటీ చెప్పలేదు. అతనికి రోగాలు రావు. కలలు కూడా రావు, పడుకుంటే మొద్దు నిద్ర.

కరోనా వచ్చిన ఆ ఏడు క్యాంపు ఫోన్లోకి మారింది. ఐలమ్మ తన ఫోను పట్టుకుని పర్వత్ పాటియాలో ఉన్న చెల్లెలింటికి పోయింది. దశరథం ఇంట్లోనే తన ఫోను గోధుమల డబ్బాకు ఆనించి కూర్చున్నాడు. మొదటి వాక్యం పాస్టర్ పరమేశ్ చెప్పాడు. ఆయనా పదిహేనేళ్లు మగ్గం నడిపినవాడే.

"ఉపవాసమున్నోడు ఊరంత చాటుకోవద్దు. మొఖం కడుక్కో, తలకు నూనె వెట్టుకో. అది నీకు, దేవునికి తెలిస్తె చాలు."

దశరథం వెంటనే లేచి తలకు నూనె పెట్టుకున్నాడు. అంతలో పక్కింటి కనకవ్వ అల్లం చాయ్ తెచ్చి గడప మీద పెట్టింది.

"తమ్మీ, తాగు."

"వద్దక్కా."

కనకవ్వ మూతి మీది మాస్కు కిందికి జారింది. దశరథం రోజుకు ఎనిమిది చాయ్‌లు తాగే మనిషి. "వద్దా? నీకా?"

ఉపవాసమని చెబితే ఫలం పోతుంది. అబద్ధమాడితే పాపం. "ఇయ్యాల వద్దక్కా" అని తల దించుకున్నాడు.

"వాసనన్న తెలుస్తుందా?"

అల్లం వాసన ముక్కులోంచి కడుపులోకి దిగి దశరథం కళ్లలో నీళ్లు తిరిగాయి. "దాని సంగతి అడగకక్కా" అని తలుపు దగ్గరగా వేసి, దుప్పటి కప్పుకుని ఏడుస్తూ ప్రార్థన మొదలుపెట్టాడు.

గోడ అవతల నుంచి ఆ మూలుగు విని కనకవ్వ ఐలమ్మ చెల్లెలి ఫోనుకు చేసి ఐలమ్మను పిలిపించింది. "పిల్లా, మీ ఆయన చాయ్ వద్దన్నడు. తలనొస్తుందేమో, తలకు నూనె గూడ వెట్టిండు."

"చాయ్ వద్దన్నడా!" ఐలమ్మ కేక ఆమె ఫోను మైకులోంచి క్యాంపంతా వినబడింది. పాస్టర్ వాక్యం ఆపాడు. ఇంటికో అరగంట చొప్పున గొలుసు ప్రార్థన మొదలైంది. దుప్పటి లోంచి అదంతా విన్నా, ఫలం పోతుందని దశరథం ఉపవాసం సంగతి బయటపెట్టలేదు. మధ్యాహ్నానికి, దశరథానికి ఆయాసమని ఎవరో అన్నారు; అంటుకుంటుందని చెల్లెలు ఐలమ్మను ఇంటికి పోనివ్వలేదు. సాయంత్రానికి దశరథం పక్క మగ్గం నడిపే రఘుపతి, ఆసుపత్రిలో మంచం కోసం నలుగురికి ఫోన్లు చేశాడు. పొద్దుగూకే వేళకు ఊరి నుంచి దశరథం అన్న గంగారాం ఏడుస్తూ ఫోన్ చేశాడు.

"హలో! తమ్మీ... నువ్వే ఎత్తినవా?"

"నా ఫోను నేనెత్తక ఎవలెత్తుతరే?"

మరునాడు కరోనా టెస్టుల బండి వచ్చింది. గల్లీ అంతా మేడలెక్కి చూస్తుండగా దశరథం ముక్కులో పుల్ల పెట్టారు. కాసేపటికి బండిలోని డాక్టరమ్మ, ఏమీ లేదు, హాయిగా చాయ్ తాగమని నవ్వింది. "అంకుల్, కుచ్ నహీ హై. ఆరామ్‌సే చాయ్ పియో."

గ్రూపులో హల్లెలూయలు వెల్లువెత్తాయి. పాస్టర్ రేపటి సాయంత్రం మొదటి సాక్ష్యం దశరథానిదే అన్నాడు. ఐలమ్మ ఉరుక్కుంటూ ఇల్లు చేరింది.

"నాకు రోగమే రాలేదే. నేను ఉపవాసమున్న" అన్నాడు దశరథం.

ఐలమ్మ గడపలోనే ఆగిపోయింది. "ఊకో. నలభై ఇండ్లోళ్లు రాత్రంత మోకాళ్ల మీదున్నరు. ఎనిమిదేండ్లకు ఒక్క సాక్ష్యం దొరికింది. దాన్ని గూడ పాడు చేస్తవా?"

"దొంగ సాక్ష్యం ఎట్ల చెప్పాల్నే?"

"దొంగదెట్లయితది? రోగం లేదని డాక్టరమ్మనే చెప్పింది గద!"

దశరథం ఆ రాత్రి, ఎనిమిదేళ్లలో మొదటిసారి, నిద్రపోలేదు. అడిగిన సాక్ష్యం చేతికొచ్చింది. నోరు విప్పి అబద్ధమాడితే చాలు, భార్య ముందు, సంఘం ముందు తలెత్తుకోవచ్చు.

మూడో రోజు సాయంత్రం ఫోన్లో చిన్న చిన్న గళ్లలో అందరూ కనిపించారు. ఫోను సర్దుతున్నట్టు ఐలమ్మ వంగి, బొటనవేలితో ఒక్కసారి అద్దం నొక్కి పక్కకు జరిగింది. దశరథం కళ్లు తుడుచుకుని మొదలుపెట్టాడు.

"అయ్యగారూ, అందరికి వందనాలు. నాకు ఏ రోగం రాలేదు. ఉపవాసముండి చాయ్ తాగలేదు, అంతే. మీరు నా కోసం ఏడుస్తుంటే చెప్పనీకి ధైర్యం చాలలేదు. నన్ను క్షమించుండ్రి."

గొంతు ఎవరికీ వినపడలేదు. అతని కన్నీళ్లు, జోడించిన చేతులు మాత్రం కనబడ్డాయి. ఇంట్లో కూర్చుని చీరలకు చమ్కీలు కుట్టే ఆడవాళ్లు "హల్లెలూయ!" అన్నారు. మగ్గాల మగవాళ్ల గళ్లలో మాత్రం ఒక్కొక్క భుజమే కదలడం మొదలైంది. రఘుపతి పొట్ట పట్టుకుని అన్నాడు: "ఓ దశరథమన్నా! చాయ్ తాగకుంటే మంచం దాక తీస్కపోయినమా నిన్ను!"

పాస్టర్ పరమేశ్ కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. పదిహేనేళ్లు పెదాలు చదివిన కళ్లు ఆయనవి. "అన్నా, సమజైంది. రోగం పోయిందని చెప్పెటోళ్లను శానమందిని సూసిన. రోగమే రాలేదని ఏడ్సుకుంట ఒప్పుకున్నోన్ని ఇయ్యాలే సూస్తున్న. ఈ క్యాంపుకు గిదే సాక్ష్యం." ఆయన ఫోనుకు దగ్గరగా వంగాడు. "గని నీ మైకు ఎవలు బందువెట్టిన్రు?"

ఐలమ్మ గబగబా లేచి పొయ్యి వెలిగించి, చాయ్‌కి నీళ్లు పెట్టింది. ఉపవాసం విడవడానికి ఇంకా గంట ఉందని దశరథం ఆమెకు గుర్తు చేయలేదు.