కుడిమసకాసుర సంహారము

శ్రీమదాబిడ్స్ మహాపట్టణ మధ్యమున, పాతపుస్తకముల గుట్టలతోను, చెప్పుల బేరములతోను, ఆటో హారన్‌ల మంగళధ్వానములతోను ఆదివారమునాడు కాలు మోపుటకు చోటీయని ఫుట్‌పాతును దాటి, నాంపల్లి స్టేషను దిక్కుగా, ఇరానీ చాయ్ పరిమళమే దారి చూపుచుండగా కొంత దూరము నడచినచో, చంద్రకళా టాకీస్ అను వృద్ధ చిత్రశాల కానవచ్చును. దసరా వెళ్ళి దీపావళి ఇంకను రాని ఒక ఆదివారము ఉదయమున అచ్చట జరిగిన ఘోరసంగ్రామమును చెప్పుచున్నాను. చెవియొగ్గి వినుడు. పక్కవారితో ముచ్చటలాడదలచినవారు బయట చాయ్ తాగి రండు.

హిమాయత్‌నగర నివాసిని, పులిహోర నిర్మాణ ధురీణ, బుజ్జమ్మగారు కన్నెప్రాయమున ఒక సినిమాలో పెళ్ళిపందిరి గుంపునందు నిలుచుండిరి. కథానాయిక ఎడమవైపున ఏడ్చుచుండగా, తాను తెర కుడిచివర నిలిచి ఆమెపై కరుణరసభరిత దృష్టి సారించితినని పెళ్ళయిన నాటినుండి చెప్పుచునే ఉండిరి. ఆ సినిమా టీవీలో రాలేదు, ఫోనులో దొరకలేదు. అందుచేత ఆమె భర్త వరప్రసాద్‌గారు ప్రతి పేరంటములోను, ప్రతి విందులోను, "నువ్వు సినిమాలో ఉంటే నేను అసెంబ్లీలో ఉన్నట్టే" అనుట, చుట్టములు నవ్వుట ఆచారమైపోయెను. బుజ్జమ్మగారు కూడ నవ్వెడివారు. ఆ నవ్వు గొంతు దాటి లోపలికి దిగెడిది కాదని నాకు తెలియును.

ఇట్లుండగా మనుమరాలు భవ్యశ్రీ ఎక్కడెక్కడో వెదకి ఆ సినిమా రీళ్ళపెట్టె సంపాదించి, చంద్రకళలో ఒక పూట ఆట మాట్లాడెను. డిజిటల్ యంత్రము రీలు మింగదు కనుక, మూలన దుప్పటి కప్పుకొన్న పాత ప్రొజెక్టరును, దానితోపాటు ఇంట దుప్పటి కప్పుకొన్న పాత ఆపరేటర్ బిచ్చయ్యను కూడ లేపవలసి వచ్చెను.

బిచ్చయ్య సామాన్యుడా? ఛిన్నచలనచిత్ర సంధాన విశారదుడు, ఈలలకు బెదరని ధీరుడు, యంత్రము నడువకున్నను ఏటేట దానికి ఆయుధపూజ మానని భక్తాగ్రేసరుడు. దసరానాడు లెన్సును ఊడదీసి, తుడిచి, పళ్ళెరమున నిలిపి, గంధము పూసి, యంత్రము నిండుగా అక్షతలు చల్లి, సాయంకాలము లెన్సు కడిగి మరల బిగించుట ఆయన నియమము. ఈ సంగతి జ్ఞాపకముంచుకొనుడు.

ఆట మొదలాయెను. పెళ్ళిపందిరి వచ్చెను. ఎడమవైపు కథానాయిక కన్నీటిబొట్టు ముత్యమువలె స్పష్టము. కుడివైపు మాత్రము పందిరి లేదు, గుంపు లేదు, పులుసులో కరిగిన బెల్లమువంటి మసక.

"ఏదీ, ఎక్కడున్నావ్?" అని వరప్రసాద్‌గారు ముందుకు వంగిరి.

"అదిగోనండీ, ఆ పసుప్పచ్చటిది నా చీరే."

"అది గడ్డివాములా ఉందే. మచ్చలన్నీ నువ్వేనంటే ఎలాగ?"

వెనుక వరుసలో చుట్టములు కిసుక్కుమనిరి. బుజ్జమ్మగారు ఈసారి నవ్వలేదు. చెంగు బిగించి మెట్లెక్కి, ప్రొజెక్టరు గది గుమ్మమున నిలిచిరి.

"బిచ్చయ్యగారూ, నా మొహం కాస్త కనబడేలా చెయ్యండి. ఇవాళ కనబడకపోతే ఇంకెప్పుడూ కనబడను."

ఆ మాట బిచ్చయ్య గుండెలో గునపమై దిగెను. ఆయన లుంగీ ఎగగట్టి, కుడిచేయి యంత్రముపై ఆనించి, ఇట్లు ప్రతిజ్ఞ చేసెను: "ఫికర్ జేయకు తల్లీ. ఎండకాలం కరెంటు వోయినప్పుడు, బాల్కనోళ్ళు కుర్చీలు ఇరగ్గొట్టినప్పుడు గూడ గీ మిషన్‌ను ఇడిసిపెట్టి పోలె నేను. గా మసక ఎంత మొనగాడైనా సరే, గీడ వాడన్న ఉండాలె, నేనన్న ఉండాలె."

అంతట సమరము మొదలాయెను. ఫోకస్ మరను తిప్పెను. కుడివైపు తేటపడెను, ఎడమవైపు కథానాయిక కన్నీటితోసహా మసకలో మునిగెను. వెనుకకు తిప్పెను, మసక కుడివైపునకే తిరిగి వచ్చెను. పొట్టి దుప్పటి తలకు కప్పిన కాళ్ళు బయటపడుట లోకప్రసిద్ధమే కదా.

రీలు దూరిపోవు ఇరుకుసందును బ్రష్షుతో తోమెను. నల్లని నూగు రాలెను, మసక రాలలేదు. తప్పు లెన్సుదే అయినచో, లెన్సు తిరిగిన మసకయు తిరుగవలెనని తలచి, లెన్సును గూటిలోనే సగముచుట్టు తిప్పెను. లెన్సు తిరిగెను, మసక తిరుగలేదు; కనుక తప్పు లెన్సుది కాదు.

"తెరే వంకరేమో చూడవయ్యా," అని క్రిందినుండి వరప్రసాద్‌గారు అరచిరి.

"తెర నా పెండ్లి కంటె ముందుకెల్లి గట్లనే ఉన్నది సారు. జర కూసోండి," అని బిచ్చయ్య పలికెను.

పిమ్మట ఆ మహావీరుడు లెన్సును సమూలముగా పెకలించి, ఖాళీ గూటిలోనికి చిటికెనవ్రేలు చొప్పించి, అంచంతయు తడిమెను. ఒకచోట వ్రేలికి గరుకు తగిలెను. గోటితో గీకి, పట్టి, వెలుతురులోనికి ఈడ్చెను.

పసుపు పూసుకొన్న దేహము, విరిగిన కొన, ఎలుకకు ఫలహారమునకైనను చాలని ఆకారము. అక్షత! గూడు తెరచియుండగా బిచ్చయ్య భక్తితో చల్లిన గింజయే అందులో దూరి, లెన్సును వెంట్రుకవాసి పక్కకు వంచి, కుడిసీమనెల్ల కబళించినది. తన వ్రేలితో తన కన్నే పొడుచుకొన్నట్లాయెనని ఆయన సిగ్గుపడెను. గింజను జేబులో వేసికొని, గూడు తుడిచి, లెన్సు బిగించెను. అది టక్కుమని నిటారుగా కూర్చుండెను.

రీలు వెనుకకు చుట్టి మరల ఆడించెను. పందిరి వచ్చెను, ఏడుపు వచ్చెను, తెర కుడిచివర పసుపుపచ్చ చీరలో, జడనిండ మల్లెలతో, పడుచు బుజ్జమ్మ నిలుచుండెను. చెవి జూకాలు సైతము కనబడెను. కాని కరుణరసము పొంగవలసిన కన్నులు రెండును గట్టిగా మూసికొనియుండెను.

చుట్టములందరు తెరవైపు మెడలు చాచిరి.

"కళ్ళు మూసుకున్నావేంటే," అని వరప్రసాద్‌గారు మెల్లగా అనిరి.

"ఎండ కొట్టిందేమో. మూసుకుంటే మాత్రం? ఆ కళ్ళు నావే కదండీ."

చుట్టములలో ఒక్కరును నవ్వలేదు. వరప్రసాద్‌గారు ప్రొజెక్టరు గదివైపు తిరిగి, "బిచ్చయ్యా, ఇంకోసారి వెయ్యవయ్యా," అనిరి. బుజ్జమ్మగారికి ఎంత సంతోషమాయెనో నేను చెప్పజాలను. నాకును ఆయెను.

ఆట ముగిసిన పిదప బిచ్చయ్య క్రిందికి దిగి, జేబులోని గింజను అరచేత చూపెను.

"గిదే అమ్మా, నీ మొకం మూసింది. దసరానాడు నేనే ఏసిన."

బుజ్జమ్మగారు ఆ గింజను పుచ్చుకొని, బిచ్చయ్య నెత్తిన వేసి, "చల్లగా ఉండండి," అని దీవించిరి. అక్షత చేరవలసిన చోటికే చేరెను.

ఈ విధముగా ఒక బియ్యపుగింజ ఓడెను, వెంట్రుకవాసి వంకర తీరెను, మూసిన కన్నులు రెండు లోకమునకు తెరపై తేటగా కనబడెను. జయము, జయము. వెలుపల ఆటో ఆగగా వరప్రసాద్‌గారు ఎక్కుటకు కాలెత్తిరి. బుజ్జమ్మగారు చేయి అడ్డము పెట్టి, "హిమాయత్‌నగర్‌కి నేనొక్కదాన్నే బాబూ," అని డ్రైవరుతో చెప్పిరి. "ఆయన అసెంబ్లీకి వెళ్ళాలి. నాంపల్లే కదా, నడిచే వెళ్తారు."