పూలమ్మ పేరు పక్కన డబ్బా

అన్న మహిపాల్ సంబంధం వాళ్లు బిచ్కుంద నుంచి ఇల్లు చూడటానికి వచ్చేలోగా కంప్యూటర్ కోర్సు ప్రాజెక్టు ముగించాలని సౌజన్య పొద్దున్నే కూర్చుంది. కిరాయికి తెచ్చిన కంప్యూటర్ తెర మీద కొమ్మలు కొమ్మలుగా పేర్లు. పేరు పక్కన చిన్న డబ్బా. అందులోని ప్లస్ నొక్కితే కింద పిల్లల పేర్లు విచ్చుకుంటాయి, మైనస్ నొక్కితే ముడుచుకుంటాయి. సరిచూడటానికి సొంత చుట్టాల పేర్లే ఎక్కించింది.

మేనత్త పూలమ్మ ఉల్లిగడ్డలు కోస్తూ తొంగిచూసింది. భర్త పోయాక తమ్ముడింటికి వచ్చి, సౌజన్యను చంకనేసుకుని పెంచిన మనిషి.

"అందరికి డబ్బలున్నయి. నాకేది బిడ్డా?"

"పిల్లలున్నోళ్లకే వస్తది అత్తా" అనేసి సౌజన్య నాలుక కరుచుకుంది.

"గట్లనా" అంది పూలమ్మ. ఉల్లిగడ్డలు అయిపోయాక కూడా కళ్లు తుడుచుకుంటూనే ఉంది.

సౌజన్య ఉండబట్టలేక, పిల్లలున్నా లేకున్నా అందరికీ డబ్బా వచ్చేలా మార్చేసింది. "సూడత్తా, నీకు సుత వచ్చింది!"

పూలమ్మ నొక్కింది. ప్లస్ మైనస్ అయింది. కింద ఏమీ లేదు.

"ఉత్తదే గద" అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

అంతలో సంబంధం వాళ్లు దిగారు. పిల్ల తండ్రి వెంకట్రావు కూర్చున్నాడో లేదో, మహిపాల్ చెల్లెలి పనితనం చూపించబోయాడు.

"డబ్బ ఉన్నదంటే లోపల పిల్లలున్నట్టు, మామా."

వెంకట్రావు తెర దగ్గరికి జరిగాడు. "నీ పేరు పక్కకు సుత ఉన్నది గద?"

మహిపాల్ కంగారుగా నొక్కాడు. ప్లస్ కాస్తా మైనస్ అయింది.

"ఉన్నోళ్లను ఏడ దాస్తున్నవ్?"

"లేరు మామా, నిజంగ లేరు!"

"ఇగ నన్ను మామా అనకు." వెంకట్రావు చెప్పుల కోసం లేచాడు.

సౌజన్య నోరు తెరిచింది. అసలు సంగతి చెప్పాలంటే నలుగురిలో అత్త లోటు చెప్పాలి. మళ్లీ మూసుకుంది.

వంటింటి గడప దాటి పూలమ్మే వచ్చింది. "కూసో అన్నా. గా డబ్బ ఉత్తదే. పిల్లల్లేనిదాన్ని నేను. మనసు కష్టపెట్టుకున్ననని పొల్ల అందరికి పెట్టింది. కావాల్నంటే నాది నొక్కి సూడు."

వెంకట్రావు నొక్కలేదు. మళ్లీ కూర్చుని, "చాయ్ పెట్టక్కా" అన్నాడు. సౌజన్య వైపు చూసి, "గిసొంటి ఆడిబిడ్డ ఉన్నదంటే మా పిల్లకు ఫికర్ లేదు" అన్నాడు.

వాళ్లు వెళ్లగానే సౌజన్య డబ్బాలన్నీ మునుపటిలా చేసి, పూలమ్మ పేరు కింద కూడా తన పేరు చేర్చింది. ఈసారి డబ్బా దానంతటదే వచ్చింది.

"ఇప్పుడు నొక్కత్తా."

పూలమ్మ విప్పింది, ముడిచింది, మళ్లీ విప్పింది. కరెంటు పోయేదాకా వదల్లేదు.

ఒకే పేరు ఇద్దరు తల్లుల కింద ఉండకూడదని కంప్యూటర్ సారు రెండు మార్కులు కోశాడు. ఆయనకు మేనత్త లేదు కాబోలు.