లక్షా మూడో నంబరు అర్జీ

మనిషి ముఖం చూసి పని చేసిపెట్టే చెడ్డ అలవాటును మంచినీళ్ళ శాఖ ఎప్పుడో మానుకుంది. ఇప్పుడక్కడ చూసేది అర్జీ నంబరు గుణగణాలనే. నంబరును ఏ సంఖ్య శేషం లేకుండా భాగిస్తుందో ఆ సెక్షనుకే అర్జీ వెళ్ళాలి. సరిసంఖ్యయితే రెండో సెక్షను, అయిదుతో పోతే అయిదోది, అలా నలభై సెక్షన్లు. (సిఫార్సులు పోవాలంటే భాగహారం రావాలని పైవాళ్ళు తీర్మానించారు.)

మిషనక్క కుళాయికి అర్జీ పెట్టింది. బట్టలు కుట్టే ఆవిడని వీధంతా అలాగే పిలుస్తారు. కాపురం మూడో అంతస్తులో. అత్తగారు మంచం పట్టి ఏడాదైంది. రోజూ పద్దెనిమిది బిందెలు మెట్లెక్కాలి, ఎక్కించేది మిషనక్కే. రసీదు మీద నంబరు 1,00,003.

గుమాస్తా పెన్సిలు చెక్కుకుని కూర్చున్నాడు. "బేసి. అంకెలు కూడితే నాలుగు, మూడుతో పోదు. ఏడుతో ఒకటి మిగిలింది..." అలా ఎనిమిది నెలలపాటు మూడు వందల పదమూడు దాకా భాగించి (ఆపైన చూడక్కర్లేదట), ఒక్క గెంతు గెంతాడు. "సార్! దొరికింది!"

సంఖ్యా వర్గీకరణాధికారి చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చారు. "అమ్మా, మీది ప్రధాన సంఖ్య! ఆరంకెల వాటిలో మొట్టమొదటిది!"

మిషనక్క మొహం వెలిగిపోయింది. "ప్రధానమంటే ముందు మాకే ఇస్తారన్నమాట!"

"కాదమ్మా. ఒకటీ, అదీ తప్ప దాన్ని ఇంకేదీ భాగించదని. మీరు ఒకటో సెక్షనుకి వెళ్ళాలి. లేదంటే లక్షా మూడో సెక్షనుకి. అది ఇంకా కట్టలేదు."

ఒకటో సెక్షనుకి తాళం వేసి ఉంది. ఒకటి అన్నిటినీ భాగిస్తుంది గనక మొదటిరోజే ఊరి అర్జీలన్నీ అక్కడ వచ్చి పడ్డాయి. సాయంత్రానికి ఆ సెక్షను అధికారి కిటికీలోంచి వెళ్ళిపోయాడు. వేరే సెక్షను ఉన్న అర్జీలు ఇక్కడికి రానక్కర్లేదని వెంటనే సవరణ తెచ్చారు. దాంతో పని లేదని పోస్టే ఎత్తేశారు.

"మరి మా అత్తకి నీళ్ళెలాగండీ?"

"కుళాయిస్తే ఫైలు మూసేయాలి కదమ్మా! ఇంత చక్కటి సంఖ్యని మూసేయడానికి చేతులెలా వస్తాయి?"

ఆఫీసంతా వచ్చి చప్పట్లు కొట్టింది. టైపిస్టు ఆనందం పట్టలేక బల్లెక్కింది. మిషనక్కని అధికారి కుర్చీలో కూర్చోబెట్టి ఫొటో తీశారు. పుట్టి బుద్ధెరిగాక తనకోసం ఎవరూ చప్పట్లు కొట్టలేదేమో, ఆవిడకీ నవ్వాగలేదు. ఇంట్లో బిందెలు ఖాళీగా ఉన్నాయని గుర్తొచ్చేదాకా నవ్వుతూనే ఉంది.

వరండా బల్ల మీద లక్షా నాలుగో నంబరాయన మూడు ఫైళ్ళు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఎనిమిది నెలల కిందట ఆవిడ వెనకే నిలబడి అర్జీ ఇచ్చిన తాపీమేస్త్రి.

"మీ పనయిందా అన్నా?"

"గొట్టం రెండో సెక్షను ఇచ్చింది. కుళాయి నాలుగోది ఇచ్చింది. ఆ రెండూ వెనక్కిచ్చేస్తేగాని నీళ్ళివ్వనంటోంది ఇరవై మూడోది." ఆయన ఆవిడ రసీదు వంక ఆశగా చూశాడు. "పెట్టి పుట్టావక్కా. నీకు తిరగాల్సింది ఒక్క సెక్షనే."

పదిమంది కళ్ళూ పడతాయని మిషనక్క రసీదు మడిచి సంచిలో దాచుకుంది.